కొండల మధ్య గడ్డి రన్‌వే మీద దిగడం: ఐడహోలో మౌంటెన్ ఫ్లయింగ్ కోర్సు, నా అనుభవం

నేనుండేది అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బోయిసీలో. పక్కనే ఉన్న నాంపాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాను. ఆ తర్వాత చాలాకాలం తారు రన్‌వేల మీదే తిరిగాను. మధ్య ఐడహోలో రోడ్డు కూడా సరిగా లేని లోయల్లో గడ్డి, మట్టి రన్‌వేలు చాలా ఉన్నాయి. ఒక్క రాష్ట్ర ప్రభుత్వమే 31 ఎయిర్‌స్ట్రిప్పులు చూసుకుంటుంది. శనివారం పొద్దున్నే చిన్న విమానంలో వెళ్లి, అక్కడ టెంట్ వేసుకుని, ఆదివారం తిరిగొచ్చేవాళ్లు ఇక్కడ ఎంతోమంది. దీన్ని బ్యాక్‌కంట్రీ ఫ్లయింగ్ అంటారు. 2024 జూలైలో నేనూ దీన్ని నేర్పే మౌంటెన్ ఫ్లయింగ్ కోర్సు చేశాను. చేసే ముందు దీని గురించి తెలుగులో చెప్పేవాళ్లు నాకెవరూ దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చట్టప్రకారం దీనికి వేరే లైసెన్స్ అక్కర్లేదు. కొండల్లో ఎగరడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రత్యేకమైన రేటింగ్ (అదనపు అర్హత) ఏదీ పెట్టలేదు. అసలు అడ్డు నాకు అద్దె ఒప్పందంలో కనిపించింది. నేను విమానం అద్దెకు తీసుకునే చోట, తారు వేయని రన్‌వే మీద దిగకూడదని ఒప్పందంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. దిగితే ఇన్సూరెన్స్ వర్తించదు. అద్దె విమానాలు నడిపేందుకు నేను తీసుకున్న సొంత ఇన్సూరెన్స్ (రెంటర్స్ పాలసీ) వాళ్లకు ఫోన్ చేస్తే, విమానం యజమాని ఒప్పుకున్న చోటే మేమూ ఒప్పుకుంటాం అన్నారు. సొంత విమానం లేనివాళ్లకు ఇక మిగిలేది ఒక్కటే దారి. ఆ కొండల్లోనే ఉండి, తమ విమానాలను ఆ రన్‌వేలకు పంపే స్కూల్‌ను పట్టుకోవాలి. అలాంటివి బాగా తక్కువ.

బోయిసీకి ఉత్తరాన కారులో రెండున్నర గంటల దూరంలో మెకాల్ అనే ఊరుంది. అక్కడి స్కూల్‌కు జనవరి 16న మెయిల్ పెట్టాను. పది రోజులకు జవాబొచ్చింది. జూన్ మొత్తం నిండిపోయింది, జూలై రెండో వారం ఖాళీ ఉంది, అది వద్దంటే సెప్టెంబరే. ఎత్తులో ఉన్న రన్‌వేలు మంచు కరిగి, బురద ఆరి వాడుకలోకి వచ్చేసరికే జూన్ అవుతుంది. ఆగస్టు వచ్చిందంటే అడవి మంటల పొగ. మధ్యలో ఉన్న ఆ కాస్త కాలం కోసమే అందరూ పోటీ పడతారు. 500 డాలర్లు అడ్వాన్స్ కట్టి జూలై 8 ఖాయం చేసుకున్నాను. వాతావరణం బాగా లేక ఎగరలేకపోతే ఆ గంటలకు డబ్బు తీసుకోరు. కానీ మన హోటల్ ఖర్చు, సెలవు మాత్రం పోయినట్టే.

మనవాళ్లు నన్ను మొదట అడిగేది వీసా గురించే, కాబట్టి అదీ చెప్తాను. నేను ప్రైవేట్ లైసెన్స్ ట్రైనింగ్ మొదలుపెట్టింది హెచ్‌1బీ మీద ఉన్నప్పుడు. అమెరికా పౌరులు కానివాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, ఆ ట్రైనింగ్‌కు ముందు రవాణా భద్రత చూసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏకు వివరాలు, వేలిముద్రలు ఇచ్చి అనుమతి తెచ్చుకోవాలి. అప్పట్లో దానికి నాలుగు వారాలు పట్టింది. ఈ మౌంటెన్ కోర్సుకు మాత్రం ఆ అనుమతి మళ్లీ అడగలేదు. లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్, పైలట్ లాగ్‌బుక్ చూపిస్తే సరిపోయింది.

మార్చిలో స్కూల్ నుంచి హోంవర్క్ వచ్చింది. నా ఇన్‌స్ట్రక్టర్ అరవై దాటిన ఆవిడ. చిన్నప్పటి నుంచీ ఈ లోయల్లోనే ఎగురుతున్న మనిషి. ఏడు రన్‌వేల పేర్లు ఇచ్చి, ఒక్కోదానికి పొద్దున ఉష్ణోగ్రతలో, మధ్యాహ్నం ఉష్ణోగ్రతలో దిగడానికి, ఎగరడానికి ఎంత దూరం కావాలో పెన్సిల్‌తో లెక్కగట్టి పంపమన్నారు. యాప్ వాడొద్దన్నారు. చేస్తూ ఉంటే ఎందుకో అర్థమైంది.

జాన్సన్ క్రీక్ సంగతే చూడండి. గడ్డి రన్‌వే, పొడవు 3,400 అడుగులు, సముద్రమట్టం నుంచి ఎత్తు 4,933 అడుగులు. ఆ ఎత్తులో లెక్కప్రకారం ఉండాల్సిన ఉష్ణోగ్రత 5 డిగ్రీలు. అంతకన్నా పెరిగే ప్రతి డిగ్రీకీ రన్‌వే ఎత్తుకు దాదాపు 120 అడుగులు కలుపుకోవాలి. అలా వచ్చే అంకెను డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు, అంటే గాలి పల్చదనాన్ని బట్టి విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు లెక్కో అది. జూలైలో పొద్దున 9 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,400 దగ్గర ఉంటుంది. అదే రోజు మధ్యాహ్నం 32 డిగ్రీలకు వెళ్తే 8,100 దాటుతుంది. రన్‌వే కదల్లేదు, గాలి మాత్రం పల్చబడింది. మేము వాడిన సెస్నా 182 ఇంజిన్ సముద్రమట్టం దగ్గర 230 హార్స్‌పవర్ ఇస్తుంది. 7,000 అడుగుల గాలిలో అందులో అయిదో వంతు పోతుంది. రెక్క లేపే బలమూ, ప్రొపెల్లర్ లాగే బలమూ అలాగే తగ్గుతాయి. పేజీ మీద పొద్దున అంకె పక్కన మధ్యాహ్నం అంకె నా చేత్తో రాసుకున్నాక, పదకొండు తర్వాత ఎగరొద్దని ఎవరూ నాకు విడిగా చెప్పక్కర్లేకపోయింది.

సామాన్లకు నేననుకున్నదానికన్నా ఎక్కువే అయింది. విమానం అత్యవసరంగా దిగాల్సి వచ్చి మంట అంటుకుంటే, బయటికి దూకేటప్పుడు ఒంటి మీద ఉన్నదే మనకు మిగిలేది, వెనక సీట్లో ఉన్న బ్యాగ్ కాదు. ఇది మొదటి మెయిల్‌లోనే రాశారు. అందుకే జేబులున్న వెస్ట్ ఒకటి కొని అందులో అగ్గిపుల్లలు, రక్తం ఆపే కట్టు, విజిల్, సన్నని రేకు దుప్పటి, నీళ్లు శుద్ధి చేసే మాత్రలు సర్దుకున్నాను. శాటిలైట్ మెసెంజర్ కూడా కొన్నాను. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. అన్నీ కలిపి 700 డాలర్లు దాటింది.

మా ఆవిడ ఎదురు చెప్పలేదు. కానీ ఒక మాట అంది. "నాకు ధైర్యం చెప్పక్కర్లేదు. దిగాక ఎన్నింటికి మెసేజ్ వస్తుందో చెప్పండి. రాకపోతే ఎంతసేపు ఆగి, ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వండి." రాసిచ్చాను. ఏ దారిన వెళ్తాం, ఏ లోయ తర్వాత ఏ లోయ, విమానం నంబరు, రంగు, స్కూల్ ఫోన్ నంబరు, గంట ఆలస్యమైతే ఏం చేయాలి, అన్నీ ఒకే కాగితం మీద. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. ఈ కోర్సుకు వెళ్లే ప్రతివాళ్లూ ఇంట్లో ఇలాంటి కాగితం పెట్టి వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జూలై 7, ఆదివారం సాయంత్రానికి మెకాల్ చేరాను. ఆ వారం బోయిసీలో ఎండ మండిపోతోంది. సరస్సు ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి అక్కడ సీజన్, మామూలు మోటెల్ గది కూడా రాత్రికి 200 డాలర్లకు తక్కువ దొరకలేదు. ఎవరైనా వెళ్తుంటే గది కూడా జనవరిలోనే తీసుకోండి.

సోమవారం మొత్తం నేల మీదే. గాలి కొండను ఎక్కేవైపు పైకి తోస్తుంది, దిగేవైపు కిందికి లాగుతుంది. అందుకని కొండ వరసను ఎదురుగా తిన్నగా కాకుండా 45 డిగ్రీల కోణంలో దాటాలి, ఇష్టం లేకపోతే చిన్న మలుపుతో వెనక్కి తిరిగిపోయేలా. లోయలో నట్టనడుమ కాకుండా ఒక పక్కకు, మామూలుగా కుడివైపు అంచుకు దగ్గరగా ఎగరాలి, వెనక్కి తిరగాలంటే లోయ వెడల్పంతా మనకు దొరికేలా. 9,000 అడుగుల దగ్గర గాలి 20 నాట్లు (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) దాటితే మా స్కూల్‌లో ఆ రోజు సెలవే. విన్నప్పుడు ఇవన్నీ సులువుగా అనిపించాయి.

మంగళవారం ఆరుంపావుకు గాల్లో ఉన్నాం. మొదటి గంటంతా వెడల్పైన లోయ మీద, బాగా ఎత్తులో, ఒకటే పని. స్పీడు తగ్గించి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) కొంచెం దించి, ఫుల్ పవర్ ఇచ్చి, ఎత్తు పోకుండా బిగుతుగా వెనక్కి తిరగడం. తర్వాత నిజమైన లోయలోకి తీసుకెళ్లారు. అక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. లోయ ఎగువకు వెళ్తుంటే నేల మెల్లగా పైకి లేస్తుంటుంది. చుట్టూ కొండలే, దిగంతం కనిపించదు. కన్ను ఆ లేచే నేలనే సమతలం అనుకుంటుంది, చెయ్యి దాని ప్రకారం ముక్కు ఎత్తుతుంది, స్పీడు పడిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా స్పీడు మీటర్ మీద వేలు పెట్టి చూపించారు. 90 ఉండాల్సింది 78. ఇంజిన్ శబ్దంలో ఏ తేడా లేదు, కుర్చీలో ఏ తేడా లేదు. ఇది ప్రతివాళ్లకూ జరుగుతుందని, జరిగేలా చేసి చూపించడానికే ఆ లోయలోకి తెస్తానని తర్వాత చెప్పారు. నిజంగా నాకు భయమేసింది అప్పుడే. గాలి కుదుపులకు కాదు, నా కన్ను నాకు తెలియకుండా నన్ను మోసం చేయగలదని తెలిసి.

బుధవారం జాన్సన్ క్రీక్. పొద్దున 6:30కి బయల్దేరాం. మెకాల్ నుంచి బయల్దేరగానే కొండల వైపు తిరగరు. పేయెట్ సరస్సు మీదే గుండ్రంగా తిరుగుతూ కావాల్సిన ఎత్తు సంపాదించుకుని అప్పుడు తూర్పుకు మళ్లాలి. లిక్ క్రీక్ కనుమ దాటాక సాల్మన్ నది సౌత్ ఫోర్క్ (దక్షిణ పాయ) లోయ, దాని ఈస్ట్ ఫోర్క్ పట్టుకుని వెళ్తే యెల్లో పైన్ అనే చిన్న ఊరు, దాని దగ్గరే జాన్సన్ క్రీక్. గాల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కంట్రోల్ టవర్ ఉండదు, రేడియోలో 122.9 ఫ్రీక్వెన్సీ మీద మనమెక్కడున్నామో మనమే చెప్పుకుంటూ పోవాలి. లోయ మెలికల్లో ఎదురుగా వచ్చే విమానం కనిపించేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి ఆ పిలుపులే ఆధారం. అదృష్టవశాత్తూ ఆ పొద్దున బయటికి వెళ్లే విమానం ఒక్కటే ఉంది.

మొదట రన్‌వే మీదుగా ఎత్తులో ఒకసారి వెళ్లాం. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) వేలాడుతోంది. పక్కన అయిదారు విమానాలు, టెంట్లు. చివర్లో రెండు జింకలు మేస్తున్నాయి. అక్కడ మామూలుగా వాగు ఎగువ వైపుకు, అంటే దక్షిణానికి దిగి, దిగువ వైపుకు లేస్తారు. పొద్దున చల్లగాలి కొండల మీంచి లోయ కిందికి జారుతుంటుంది, అందుకని ఎగువకు దిగేటప్పుడు అది ఎదురుగాలి. ఎండ ఎక్కాక గాలి తిరగబడి వెనక నుంచి తోస్తుంది. వేడి, వెనకగాలి రెండూ ఒకేసారి మొదలవుతాయి.

దిగే ముందు ఆవిడ చెప్పిన మాట నాకు మొదట వింతగా అనిపించింది. ఈసారి దిగడానికి కాదు, దిగకుండా వెళ్లిపోవడానికి వెళ్తున్నాం అన్నారు. రన్‌వే అవతల లోయ ఇరుకై పైకి లేస్తుంది. చివరి నిమిషంలో మనసు మార్చుకుంటే తప్పించుకునే చోటు ఉండదు. కాబట్టి ముందే, లోయ ఇంకా వెడల్పుగా ఉండగానే ఒక గుర్తు పెట్టుకుని, అక్కడికి వచ్చేసరికి స్పీడు, ఎత్తు, ఫ్లాప్స్, రన్‌వే ఖాళీ, నాలుగూ సరిగ్గా ఉన్నాయని పైకి గట్టిగా చెప్పాలి. ఒక్కటి తేడా ఉన్నా అక్కడే పవర్ ఇచ్చి వెళ్లిపోవాలి. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. అయినా వెళ్లిపోయాం. వదిలేసి వెళ్లడం అనే పని చేతికి అలవాటు కావాలని. ఇన్నేళ్ల నా ట్రైనింగ్‌లో నాకు దొరికిన అతి విలువైన పాఠం ఇదే.

రెండోసారి మళ్లీ అదే మలుపు. వాగు కింద తెల్లగా నురగలు కక్కుతోంది. పైన్ చెట్ల కొసలు రెక్కకు సమానంగా వచ్చాయి. నోరెండిపోయింది, కానీ లెక్క మాత్రం నోట్లో నడుస్తూనే ఉంది. గుర్తు దగ్గర "స్పీడు 65, ఫ్లాప్స్ ఫుల్, ఎత్తు సరే, రన్‌వే ఖాళీ, దిగుతున్నా" అన్నాను. అంచు దగ్గరకొచ్చేసరికి మీటర్ మీద 60. పల్చటి గాలి కాబట్టి నిజంగా వెళ్లేది అంతకన్నా ఎక్కువ, నేల కింద వేగంగా పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది, చెయ్యి ఇంకా తగ్గించమంటుంది. తగ్గించకూడదు. కంటి మాట కాదు, మీటర్ మాట వినాలి. వెనక చక్రాలు గడ్డిని తాకినప్పుడు పెద్ద చప్పుడేమీ లేదు. మా ఊరి డొంకదారిలో సైకిల్ మీద వెళ్తున్నట్టు మెత్తటి అదురు. ముందు చక్రాన్ని వీలైనంతసేపు లేపే ఉంచి, బ్రేకు దాదాపు వాడకుండా ఆగాం. ఇంజిన్ ఆపాక వాగు చప్పుడు వినిపించింది. తడి గడ్డి వాసన. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఇంట్లోకి మెసేజ్ పంపి కాసేపు తిరిగాను. క్యాంపు చేసుకునేవాళ్లకు వేడినీళ్ల స్నానాల గదులున్నాయి, యెల్లో పైన్ దాకా వెళ్లిరావడానికి వ్యాన్ ఉంది. ల్యాండింగ్ ఫీజు ఎవరూ అడగలేదు. పెట్రోల్ మాత్రం దొరకదు. రానూపోనూ ఇంధనం మెకాల్‌లోనే నింపుకోవాలి, అలాగని ట్యాంకులు నిండా నింపితే బరువు పెరిగి లేవడం కష్టం. గ్యాలన్‌కు ఆరు పౌండ్లు. ఆ లెక్క కుదరడానికి నా బ్యాగ్‌లోంచి రెండో జత బూట్లు మెకాల్‌లోనే వదిలేశాను.

గురువారం ఎగరలేదు. రాత్రి ఒరెగాన్ వైపు నుంచి పొగ వచ్చింది. తెల్లారేసరికి సరస్సు అవతలి ఒడ్డు బూడిద రంగులో కలిసిపోయింది. ఏడింటికి చూద్దాం, ఎనిమిదింటికి చూద్దాం, తొమ్మిదింటికి ఇక లేదు. ఆ రోజుకు నా ఖర్చు మోటెల్, భోజనం, ఒక సెలవు. చిరాకు వచ్చింది. అదే పొద్దున హ్యాంగర్‌లో ఇంకో ఇద్దరు పైలట్లు, సొంత విమానాలున్నవాళ్లు, టీ తాగుతూ ప్రశాంతంగా కూర్చున్నారు. వాళ్లు ఆ ఊళ్లో ఇరుక్కుని అప్పటికి రెండో రోజు. ఇంటికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశారు. సోమవారం ఆఫీసుకు తప్పనిసరిగా వెళ్లాలి అనే తొందరతోనే కొండల్లో ప్రమాదాలు మొదలవుతాయని వాళ్లలో ఒకాయన అన్నాడు. నేనూ వెంటనే మేనేజర్‌కు మెయిల్ పెట్టి సోమవారం కూడా సెలవు అడిగాను. ఆ ఒక్క మెయిల్‌తో నా టెన్షన్ సగం దిగింది. ఈ కోర్సుకు వెళ్లేవాళ్లు మొదటి నుంచే రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

శుక్రవారం పొగ పల్చబడ్డాక బిగ్ క్రీక్ వెళ్లాం. ఎత్తు 5,743 అడుగులు, పొడవు 3,550. ఫ్రాంక్ చర్చ్ వైల్డర్‌నెస్ అంచున ఉంటుంది. 23 లక్షల ఎకరాలకు పైగా అడవి. 1980లో దాన్ని రక్షిత ప్రాంతం చేసిన చట్టమే, లోపల వాడుకలో ఉన్న ఎయిర్‌స్ట్రిప్పులను మూసేయకుండా కాపాడింది. 2008లో కాలిపోయిన అక్కడి పాత లాడ్జిని మళ్లీ కట్టడానికి పైలట్లు చందాలు వేసుకున్నారు. అక్కడ తిన్న బంగాళదుంపలు, గుడ్లు, వేడి కాఫీ ఇప్పటికీ గుర్తే.

బిగ్ క్రీక్‌లో దిగడం కన్నా లేవడమే నాకు కష్టంగా అనిపించింది. కాఫీ తాగుతుంటే ఎండ ఎక్కుతోంది. ఇంకాసేపు కూర్చోవాలని ఉంది. ఆవిడ మాత్రం తొమ్మిదింటికే లేచారు. రన్‌వే పొడవునా నడిచి, సగం దూరం దగ్గర ఒక చెట్టును గుర్తు పెట్టుకున్నాం. లేవడానికి 50 నాట్లు కావాలి, అందులో 70 శాతం, అంటే 35, ఆ చెట్టు దగ్గరికే వచ్చి తీరాలి. రాకపోతే పవర్ తీసేసి ఆగిపోవడమే. మిక్స్చర్‌ను (ఇంజిన్‌లోకి వెళ్లే ఇంధనం, గాలి పాళ్లను) ఫుల్ రిచ్‌లో, అంటే ఇంధనం ఎక్కువగా ఉండేలా ఉంచితే ఉన్న బలం కూడా రాదు కాబట్టి, బ్రేకులు తొక్కిపెట్టి ఫుల్ పవర్ ఇచ్చి, దాని ఎర్ర నాబ్ మెల్లగా వెనక్కి లాగి సరిచేసుకున్నాను. చెట్టు దగ్గర 38. లేచాం, కానీ నాంపాలో అలవాటైన ఎక్కుడు కాదు. చెట్లు దగ్గరవుతున్నా ముక్కు ఎత్తకుండా, స్పీడు పట్టుకుని, లోయ దిగువకు ఓపిగ్గా వెళ్లాలి. ఆ నిమిషం చాలా పొడుగ్గా గడిచింది.

శనివారం మళ్లీ జాన్సన్ క్రీక్. ఈసారి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగొచ్చాక లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి, స్కూల్ ఇన్సూరెన్స్ ప్రకారం నేను సొంతంగా అద్దెకు తీసుకుని వెళ్లగలిగే రన్‌వేల జాబితా ఇచ్చారు. గార్డెన్ వ్యాలీ, స్మైలీ క్రీక్, జాన్సన్ క్రీక్, అంతే. జాన్సన్ క్రీక్‌కు పొద్దున పదకొండు లోపే, అదీ గాలి పదిహేను నాట్ల లోపు ఉంటేనే. బిగ్ క్రీక్‌కు ఇంకో వేసవి ఆవిడతో ఎగిరాకే. సోల్జర్ బార్ లాంటి, తప్పించుకునే దారి లేని రన్‌వేల గురించి నేనడగలేదు, ఆవిడా ఎత్తలేదు.

మొత్తం ఖర్చు విమానం, ఇన్‌స్ట్రక్టర్‌కు 3,400 డాలర్లు, గది, భోజనం, సామాన్లు కలిపితే ఐదున్నర వేలు దాటింది. నేను బడ్జెట్ వేసుకున్నది మూడున్నర వేలు. సెప్టెంబర్ మొదటి వారంలో మా ఆవిడను గార్డెన్ వ్యాలీ తీసుకెళ్లాను. గుర్తు దగ్గర చెప్పాల్సిన నాలుగు మాటలూ తను పక్క సీట్లోంచి నాతోపాటే పైకి చెప్పింది. వచ్చే జూలైకి మా ఇన్‌స్ట్రక్టర్ టైం కావాలని అప్పుడే మెకాల్‌కు మెయిల్ పెట్టాను. ఈసారి జవాబు మర్నాడే వచ్చింది, రెండో వారంలో ఇంకా రెండు ఖాళీలున్నాయట.